విదేశీ జైలు కథలు పాలమూరులోనూ ఆడాలి

సంపాదకులకు నమస్కారం.

పరాయి దేశపు జైల్లో చిక్కుకున్న ఒక కూలీ కథతో స్వతంత్రంగా తీసిన చిన్న సినిమాను ఈమధ్య హైదరాబాద్‌లో చూశాను. పేరున్న నటులు లేరు, ఫైట్లు లేవు. ఇది మా మహబూబ్‌నగర్‌లో, నారాయణపేటలో, దేవరకొండలో ఎందుకు ఆడదన్న బాధ చూస్తున్నంతసేపూ నన్ను వదల్లేదు. జనం రారని థియేటర్ల వాళ్లంటారు. వాళ్ల లెక్కలు వాళ్లవి. కానీ వీసా చేతిలో పట్టుకుని ఫ్లైట్ కోసం ఎదురుచూస్తున్న మా పిల్లలు అందరికన్నా ముందు చూడాల్సిన సినిమా ఇది.

అందులో పోలీసులు ఒక కాగితం ముందు పెట్టి సంతకం చేయమంటారు. అతనికి అరబీ రాదు. భయంతో తలూపి వేలిముద్ర వేస్తాడు. తర్వాత కేసంతా ఆ కాగితం మీదే నడుస్తుంది. 'మా ఎంబసీకి చెప్పండి' అని అడిగే హక్కు ఆ క్షణంలో అతనికి ఉంది. 1963 నాటి వియన్నా ఒప్పందం ఇచ్చిన హక్కు అది. అడగొచ్చని అతనికి చెప్పినవాళ్లే లేరు.

సినిమా కథే కదా అని కొట్టిపారేయలేం. సిరిసిల్ల ప్రాంతం నుంచి దుబాయ్ వెళ్లిన ఐదుగురు ఒక నేపాలీ వాచ్‌మన్ హత్య కేసులో పద్దెనిమిదేళ్లు జైల్లో మగ్గారు. హతుడి కుటుంబానికి 2011లోనే రూ.15 లక్షల పరిహారం అందింది. అయినా వాళ్లందరూ ఇల్లు చేరేసరికి 2024 వచ్చింది.

గల్ఫ్ అనగానే అందరికీ కరీంనగర్, నిజామాబాద్ గుర్తొస్తాయి. పాలమూరు అంటే ముంబై, పుణె బస్సులే అనుకుంటారు. మా దిక్కు నుంచీ, దేవరకొండ తండాల నుంచీ కూడా గల్ఫ్‌కు పోతున్నారు. 'విజిట్ వీసా మీద పో, అక్కడ చూసుకుందాం' అని ఏజెంట్ అంటే నమ్ముతారు. వీసా గడువు దాటినా, కఫీల్ (వీసా ఇచ్చి పనిలో పెట్టుకున్న యజమాని) దగ్గర్నుంచి పారిపోయినా ఖల్లివెల్లి, అంటే సరైన కాగితాలు లేనివాడి కిందే లెక్క, ఇక దినదినం టెన్షనే. ఇంకా చిన్న విషయాలకూ కేసులవుతాయి. కూరకు పనికొస్తాయని తల్లి కొడుకు సంచిలో గసగసాల పొట్లం పెడుతుంది. యూఏఈలో గసగసాలు నిషేధం. 'మా పిల్లగానికి ఇయ్యి బిడ్డా' అని పక్కింటాయన మందుల పార్శిల్ ఇస్తాడు. విప్పి చూస్తే అనుమానించినట్టు ఉంటుందని మొహమాటపడి అట్లనే తీసుకుపోతారు.

పది వేలకు పైగా భారతీయులు విదేశీ జైళ్లలో ఉన్నారని కేంద్రమే 2025లో పార్లమెంటుకు చెప్పింది. వారిలో దాదాపు సగం మంది సౌదీ, యూఏఈల్లోనే. సాయానికి దారులు లేకపోలేదు. విదేశాల్లో కష్టంలో పడ్డవాళ్లు ఫిర్యాదు చేసుకోవడానికి కేంద్రం పెట్టిన మదద్ పోర్టల్ 2015 నుంచి ఉంది. పేదలకు లాయర్ ఖర్చు ఇవ్వడానికి ఎంబసీల్లో సంక్షేమ నిధి ఉంది. శిక్ష పడ్డవాళ్లు మిగిలిన కాలం మన దేశపు జైల్లో గడిపే వీలు కల్పిస్తూ 2011లో యూఏఈతో ఒప్పందం కుదిరింది. మక్తల్‌లో, అచ్చంపేటలో ఒక తల్లిని ఆపి అడగండి, వీటిలో ఒక్కటైనా విన్నదేమో.

జిల్లా కలెక్టర్లను కోరుతున్నాను. ఇలాంటి సినిమాలను నెలకొకసారి మున్సిపల్ హాళ్లలో, జూనియర్ కాలేజీల్లో, తండాల్లో తెర కట్టి చూపించండి. ఆట అయ్యాక కార్మిక శాఖ నుంచి ఒకరు, న్యాయ సేవాధికార సంస్థ లాయర్ ఒకరు అక్కడే కూర్చుని జనం అడిగినవాటికి జవాబు చెప్పాలి. గల్ఫ్ నుంచి తిరిగొచ్చినవాళ్లనూ పిలవాలి. కరపత్రం పంచితే మా వాళ్లు మడిచి జేబులో పెట్టుకుంటారు, సినిమా అయితే రెండు గంటలు కదలకుండా చూస్తారు. తీసినవాళ్లను మాత్రం ఉచితంగా అడగొద్దు. అప్పులు చేసి తీస్తారు పాపం. ఆ ఖర్చును రాష్ట్ర చలనచిత్ర అభివృద్ధి సంస్థ భరించాలి. హాళ్లు ఉన్నాయి, ప్రొజెక్టర్లు ఉన్నాయి. వచ్చే నెలలోనే మహబూబ్‌నగర్ నుంచి మొదలుపెట్టొచ్చు.

- ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు, మహబూబ్‌నగర్