గేటు దగ్గర ఇప్పుడెవరూ ఆగడం లేదు: కార్మిక శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

రాష్ట్ర కార్మిక శాఖ మంత్రి గారికి నమస్కారాలు.

శ్రీకాకుళం జిల్లా పైడిభీమవరంలో ఒక మందుల కంపెనీలో ఆపరేటర్‌ని. 26 ఏళ్ళ సర్వీసు, అందులో పదకొండేళ్ళు యూనియన్ కార్యదర్శిని. వచ్చే ఏడాది రిటైరవుతాను. ఈలోపే ఒక సంగతి మీ చెవిన వేద్దామని రాస్తున్నాను.

మా నాన్న నెల్లిమర్ల జూట్ మిల్లు కార్మికుడు. సైరన్ మోగితే ఇంటి నుంచి నడిచి వెళ్ళేవారు. గేటు ముందు నాయకుడు బల్లెక్కితే చాలు, షిఫ్టు దిగేవాళ్ళూ ఎక్కేవాళ్ళూ అందరూ ఆగేవారు. 1994 జనవరిలో పోలీసు కాల్పులకి ఐదుగురు కార్మికులు పోయిన ఊరది. అంత చేదులోనూ ఎవరితో మాట్లాడాలో యాజమాన్యానికి తెలుసు, తన మాట ఎవరు చెబుతున్నారో కార్మికుడికి తెలుసు.

మా గేటు దగ్గర ఇప్పుడెవరూ ఆగరు. శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ నుంచి వచ్చే కంపెనీ బస్సులు తిన్నగా లోపలికే పోతాయి. పర్మనెంట్ వాళ్ళం చాలామందిమి నలభై దాటేశాం. బస్తాలు మోసేదీ, డ్రమ్ములు దొర్లించేదీ కాంట్రాక్టర్ తెచ్చిన ఒడిశా, బీహార్ కుర్రాళ్ళు. ల్యాబ్‌లో కెమిస్ట్రీ చదివిన పిల్లలు, ప్యాకింగ్‌లో ఆడపిల్లలు. వేతన ఒప్పందానికి కూర్చునేది మాత్రం మా ఈడు మగాళ్ళం ఐదుగురం.

తప్పంతా కంపెనీదే అని రాసేస్తే నాకు హాయి. కాంట్రాక్టు వాళ్ళని సభ్యులుగా చేర్చుకుందామంటే ‘మన బోనస్ ఏమవుతుందో’ అన్నవాళ్ళు మా కమిటీలోనే ఉన్నారు. నేనూ గట్టిగా కాదనలేదు. ఆడవాళ్ళు బట్టలు మార్చుకునే గది మా డిమాండ్ల పత్రంలో ఒక్కసారీ లేదు. “రాత్రి షిఫ్టు బస్సు మా వీధి చివరి దాకా రావాలని ఎప్పుడైనా అడిగారా అంకుల్?” అని ఒకమ్మాయి అంటే తల దించుకున్నాను. చదువుకున్న కుర్రాళ్ళయితే నవ్వుతారు: “ఏటన్నా, మూడేళ్ళ అగ్రిమెంటా? వచ్చే సంక్రాంతికి నేనిక్కడుంటే కదా!” రెండు వేలు ఎక్కువిస్తే అచ్యుతాపురం ఫ్యాక్టరీలకి పోతారు. వాళ్ళ లెక్క వాళ్ళది.

పోయిన వేసవిలో క్యాంటీన్ కూర పులిసిపోయిందని ఒడిశా కుర్రాళ్ళు పొద్దున్నే పని ఆపేశారు. జెండా లేదు, నోటీసు లేదు. హెచ్ఆర్ ఆయన చెమటలు కక్కుతూ నా దగ్గరికొచ్చి “మీవాళ్ళేనా?” అన్నాడు. కాదన్నాను. నిజమే, కాదు. చివరికి వాళ్ళ మీద పెద్దగా ఉండే కాంట్రాక్టర్ మేస్త్రీని పిలిపించారు. అతను నలుగురిని ఇంటికి పంపి గొడవ తీర్చాననుకున్నాడు. వారం తిరగకుండా ఇంకో ముప్పైమంది చెప్పకుండా రైలెక్కేశారు. లోడు ఆగింది, కంపెనీకీ నష్టమే. ఆ రోజు మాట్లాడడానికి మనిషి కోసం వెతుక్కున్నది యాజమాన్యమే.

వీళ్ళని ‘బయటి వాళ్ళు’ అనడం నాకు మింగుడుపడదు. మన మత్స్యకారులు గుజరాత్‌లో వేరావల్ దాకా పోయి పడవలెక్కుతున్నారు కదా!

2025 నవంబర్ 21 నుంచి అమల్లోకి వచ్చిన పారిశ్రామిక సంబంధాల కోడ్ (యూనియన్లు, ఒప్పందాల గురించిన కేంద్ర చట్టం) ప్రకారం, మస్టర్ రోల్‌లో, అంటే కంపెనీ కార్మికుల హాజరు పట్టీలో, 51 శాతం మద్దతున్న యూనియనే యాజమాన్యంతో బేరం ఆడుతుంది. ఎవరికీ అంత బలం లేకపోతే కనీసం 20 శాతం మద్దతున్న యూనియన్లతో ఒక కౌన్సిల్. వినడానికి బాగుంది. కానీ కాంట్రాక్టు కుర్రాడి పేరుండేది కాంట్రాక్టర్ మస్టర్‌లో. పర్మనెంట్ వాళ్ళలో సగం పైన మా వెనకుంటే ఫ్యాక్టరీ మొత్తానికి మేమే పెద్దలం. యూనియన్ మనిషిగా నాకిది లాభమే. అయినా ఒప్పుకోలేకపోతున్నాను.

అదే కోడ్‌లో కనీసం 20 మంది పనిచేసే చోట ఫిర్యాదుల కమిటీ ఉండాలని, అందులో ఆడవాళ్ళు వాళ్ళ సంఖ్యకు తగ్గకుండా ఉండాలని ఉంది. ఆ కమిటీలో కాంట్రాక్టు వాళ్ళకీ కుర్చీ వేయించండి. ఒప్పందం కాగితం తెలుగుతో పాటు ఒడియా, హిందీల్లోనూ నోటీసు బోర్డుకి ఎక్కేలా చూడండి. ఒడియా వచ్చిన ఒక్క ఉద్యోగినైనా మీ జిల్లా కార్యాలయంలో పెట్టండి. ఒడిశా సరిహద్దున మందస, ఇచ్ఛాపురం వైపు అలాంటివాళ్ళకి కరువు లేదు.

మీరే వస్తానంటే రాత్రి షిఫ్టుకి రండి. ముందు మాత్రం కబురు చేయకండి. కబురందితే ఆ రోజు క్యాంటీన్‌లో కూర బాగుంటుంది.

ఇట్లు
ఒక ఆపరేటర్, రణస్థలం మండలం