మా అమ్మకి జవాబు చెప్పండి

తేదీ: 2025 జనవరి 24
విజయవాడ

యాత్రల కంపెనీ యాజమాన్యానికి,

విషయం: నవంబరులో చేసిన కాశీ, గయ యాత్రలో మీరు పెట్టిన భోజనం, దాని మీద రెండు నెలలుగా మీరు ఇవ్వని జవాబు

అయ్యా,

ఇది మీకు నేను రాస్తున్న ఏడో ఉత్తరం. మొదటి ఆరూ ఈమెయిల్‌లో పంపాను. ఆరింటికీ ఒకటే జవాబు, అక్షరం తేడా లేకుండా వచ్చింది. "మీ అభిప్రాయం మాకు ఎంతో విలువైనది, మా ప్రతినిధి 48 గంటల్లో మిమ్మల్ని సంప్రదిస్తారు" అని. 48 గంటలు కాదు, 60 రోజులు దాటాయి. ఏ ప్రతినిధీ నన్ను సంప్రదించలేదు. అందుకే ఈసారి కాగితం మీద రాసి రిజిస్టర్డ్ పోస్టులో పంపుతున్నాను, కనీసం ఎవరో ఒకరు సంతకం పెట్టి తీసుకోవాలి కదా.

మేము మీకు కొత్త వాళ్లం కాదు. 2012లో రామేశ్వరం, 2017లో చార్‌ధామ్, 2019లో ద్వారక, సోమనాథ్, మూడూ మీతోనే వెళ్లాం. అప్పుడు మా నాన్నగారు ఉన్నారు. చార్‌ధామ్ వెళ్లినప్పుడు మీ వంట మాస్టారు బస్సు ఎక్కిన మొదటి రోజే లేచి నిలబడి "ఉల్లి, వెల్లుల్లి తినని వాళ్లు ఒకసారి చెయ్యెత్తండి" అని అడిగి, చిన్న నోట్‌బుక్‌లో సీటు నంబర్లు రాసుకున్నారు. ఆ తర్వాత పదకొండు రోజులూ ఆ సీట్ల వాళ్లకి విడిగా పప్పు, విడిగా కూర, ఒక్క పూట కూడా మర్చిపోలేదు. కొండ మీద చలికి చేతులు కొంకర్లు పోతుంటే కూడా మా అమ్మకి వేడి వేడి చారు పోశారు. ఆ ఒక్క మనిషిని చూసే మా బంధువుల్లో, మా వీధిలో కనీసం పాతిక మందిని మీ కంపెనీకి పంపించాను. ఆయన ఇప్పుడు మీ దగ్గర లేరని కాశీలో దిగాకే తెలిసింది.

నాన్నగారు పోయిన ఏడాది కాలం చేశారు. గయలో పిండం పెట్టాలని, కార్తీక మాసంలో కాశీలో ఉండాలని అమ్మ కోరిక. ఆమెకి 71 ఏళ్లు. ఇద్దరికీ కలిపి 63,000 రూపాయలు కట్టాం. కట్టే ముందు మీ ఆఫీసులో రెండుసార్లు అడిగాను, వంట మనిషి వస్తాడా అని. "మన సొంత వంట మాస్టారు, స్వచ్ఛమైన తెలుగు శాకాహార భోజనం" అన్నారు. ఉల్లి, వెల్లుల్లి లేకుండా అని ఫారంలో మీ అమ్మాయే రాసింది. ఆ ఫారం కాపీ దీంతో జత చేశాను.

రైల్లో ఇబ్బంది లేదు, ఇంట్లో చేసుకెళ్లిన పులిహోర, దద్దోజనంతో గడిచిపోయింది. కాశీలో దిగాక మీ టూర్ మేనేజరు చెప్పాడు, ఈసారి వంట మాస్టారు రాలేదు, లోకల్ హోటల్‌తో మాట్లాడాం, అన్నీ వెజ్జే అని. సరే అనుకున్నాం. ఆవనూనె వాసన గురించి నేను ఒక్క మాట కూడా అనడం లేదు, ఊరు మారితే వంట మారుతుంది, ఆ మాత్రం తెలుసు. మొదటి రెండు రోజులు అమ్మ అన్నంలో పెరుగు కలుపుకుని తింది. 15వ తేదీ కార్తీక పున్నమి. పగలంతా ఉపవాసం ఉండి, ఘాట్లలో దీపాలు చూసి, చంద్రుణ్ణి చూశాక వచ్చి కూర్చుంది. రాత్రి పదిన్నరకి వచ్చిన భోజనంలో ప్రతి కూరలోనూ ఉల్లిపాయ, వెల్లుల్లి గ్రేవీ. పెరుగు కూడా లేదు. పక్క గదిలో ఉన్న నరసాపురం వాళ్లు రెండు అరటిపళ్లు ఇస్తే అవి తిని పడుకుంది. అన్నపూర్ణమ్మ ఉన్న ఊళ్లో, పున్నమి నాడు, డబ్బులు ముందే కట్టించుకుని ఒక ముసలావిడని పస్తు పడుకోబెట్టారు మీరు. మర్నాడు పొద్దున్నే మేనేజరుకి చెప్పకుండా అమ్మని రిక్షాలో పాండే హవేలీలోని ఆంధ్రాశ్రమానికి తీసుకెళ్లాను. అక్కడ వాళ్లు మమ్మల్ని ఎవరని కూడా అడగలేదు, విస్తరి వేశారు. అమ్మ ఆ రోజు మారు అన్నం అడిగి పెట్టించుకుంది.

ఇంతవరకూ జరిగింది వదిలేద్దును. గయలో జరిగింది వదలలేను.

17వ తేదీ పొద్దున్న ఫల్గు నది దగ్గర, తర్వాత విష్ణుపాదం గుళ్లో, తర్వాత అక్షయవటం దగ్గర పిండాలు పెట్టేసరికి మధ్యాహ్నం మూడయింది. అక్కడి పద్ధతి ప్రకారం అమ్మ తనకి ఇష్టమైన సీతాఫలం, పొట్లకాయ ఇక జన్మలో తిననని వదిలేసింది. అప్పుడు బస్సులో మీ వాళ్లు ప్లాస్టిక్ డబ్బాలు పంచారు. మూత మీద చతురస్రంలో ఆకుపచ్చ చుక్క ఉన్న స్టిక్కరు, వంకరగా చేత్తో అంటించింది. హోటల్ పేరు లేదు, 14 అంకెల ఆహార లైసెన్సు నంబరు లేదు, ఏమీ లేదు. లోపల ఫ్రైడ్ రైస్. అమ్మ రెండు ముద్దలు తింది. మూడో ముద్దలో ఏదో మెత్తగా తగిలిందని నోట్లోంచి తీసి అరచేతిలో పెట్టుకుని నాకు చూపించింది. కంది గింజంత ముక్క, ఒక పక్క తెలుపు, ఒక పక్క పసుపు. నేను పనీర్ అనుకున్నాను. చెంచాతో అన్నం కదిపితే అడుగున గుడ్డు పొరలు పొరలుగా ఉంది.

71 ఏళ్లలో ఆమె నోట్లో గుడ్డు పడలేదు. భర్తకి పిండం పెట్టిన రోజున పడింది. బస్సు దిగి, రోడ్డు పక్క కొళాయి దగ్గర కూర్చుని, ఎన్నిసార్లు పుక్కిలించిందో నేను లెక్కపెట్టలేకపోయాను. నన్ను ఒక్క మాట అనలేదు, మీ మేనేజర్ని కూడా అనలేదు. మర్నాడు పొద్దున్న దాకా మంచినీళ్లు తప్ప ఏమీ ముట్టలేదు.

గుడ్డు తినేవాళ్లంటే నాకు ఏ చులకనా లేదు. మా ఆఫీసులో నా పక్కన కూర్చుని రోజూ ఆమ్లెట్ తినే స్నేహితుడు ఉన్నాడు. ఎవరి తిండి వాళ్లది. కానీ ఆకుపచ్చ చుక్క అంటించాక లోపల గుడ్డు ఉండకూడదు. అది నా నమ్మకం ఒక్కటే కాదు, ఈ దేశంలో లేబుళ్ల నిబంధన. పాలు, తేనె శాకాహారం కిందికి వస్తాయి, గుడ్డు రాదు. గుడ్డు ఉంటే గోధుమరంగు త్రిభుజం గుర్తు వేయాలి.

ఇక తర్వాత మీరు నన్ను తిప్పిన తిప్పుడు వినండి, ఎందుకంటే నాకు అసలు మంట పుట్టించింది ఇదే.

మేనేజర్ని అడిగితే "నేను గైడుని సార్, భోజనం హెడ్డాఫీసు చూస్తుంది" అన్నాడు. అక్కడి నుంచే హెడ్డాఫీసుకి ఫోన్ చేస్తే కాల్ సెంటర్‌కి చేయమన్నారు. కాల్ సెంటర్‌లో ఇరవై రెండు నిమిషాలు పాట వినిపించి, ఒక అమ్మాయి తీసి, బుకింగ్ నంబరు తీసుకుని, "మీరు జైన్సా సార్?" అంది. కాదమ్మా అన్నాను. "మరి మీ ఫారంలో జైన్ మీల్ అని ఉంది" అంది. మేము రాసింది ఉల్లి, వెల్లుల్లి లేకుండా అని, మీ కంప్యూటర్లో ఆ గడి లేదని జైన్ అని నొక్కారట. జైన్ భోజనంలో దుంపలు ఉండవు, మా అమ్మ కంద, చామదుంప, బంగాళాదుంప అన్నీ తింటుంది. పోనీ జైన్ భోజనమైనా పెట్టారా? అందులోనూ ఉల్లి ఉండదు, గుడ్డు అసలే ఉండదు.

ఇంటికొచ్చాక మళ్లీ చేస్తే ఇంకొకతను, మళ్లీ మొదటి నుంచీ చెప్పమన్నాడు. మూడోసారి మూడో మనిషి, మళ్లీ మొదటి నుంచీ. ఈ కథ ఇప్పటికి పదకొండు మందికి చెప్పాను, పేర్లు, తేదీలు అన్నీ నా డైరీలో ఉన్నాయి. ఒకతను గుడ్డు ఫొటో పంపమన్నాడు, పంపాను. ఇంకొకతను హోటల్ బిల్లు పంపమన్నాడు. డబ్బాలు పంచింది మీరు, బిల్లు నా దగ్గర ఎందుకుంటుంది? మరొకతను "అది మా తప్పు కాదు, క్యాటరింగ్ వెండర్ తప్పు, వాళ్లతో మాట్లాడండి" అన్నాడు. వెండర్ పేరు చెప్పమంటే "ఆ వివరాలు ఇవ్వకూడదు సార్" అన్నాడు. డిసెంబరు 9న మాట్లాడిన కుర్రాడైతే "గుడ్డుని ఇప్పుడు అందరూ వెజ్ లాగే చూస్తున్నారు కదా సార్, మీరు మరీ సీరియస్‌గా తీసుకుంటున్నారు" అన్నాడు. నేను ఫోన్ పెట్టేశాను, లేకపోతే ఏమనేవాణ్ణో తెలియదు. ఆ సాయంత్రమే మెసేజ్ వచ్చింది, మీ ఫిర్యాదు పరిష్కరించబడింది, మా సేవలకి అయిదు నక్షత్రాల్లో ఎన్ని ఇస్తారు అని.

ఏం పరిష్కరించారు? ఎవరు పరిష్కరించారు?

డిసెంబరు 20న సెలవు పెట్టి మీ ఆఫీసుకి వచ్చాను. రెండు గంటలు కూర్చోబెట్టారు. నా ఎదురుగానే ముగ్గురు వచ్చి కుంభమేళా టికెట్లు బుక్ చేసుకుని వెళ్లారు, వాళ్లకి టీ కూడా ఇచ్చారు. నా వంతు వచ్చేసరికి మేనేజరుగారు లంచ్‌కి వెళ్లారన్నారు. వచ్చాక రెండు నిమిషాలు నిలబడే మాట్లాడి, మేళా రష్‌లో ఉన్నాం, సంక్రాంతి అయ్యాక చూద్దాం అని, వచ్చే యాత్రకి పనికొచ్చేలా 500 రూపాయల కూపన్ ఇవ్వబోయారు. బల్ల మీదే వదిలేసి వచ్చాను. సంక్రాంతి అయిపోయి పది రోజులైంది. ఆయన ఫోన్ చేయలేదు కానీ, మీ కంపెనీ నుంచి వాట్సాప్‌లో ప్రకటన మాత్రం వచ్చింది, ప్రయాగ్‌రాజ్ కుంభమేళా ప్యాకేజీ, సొంత వంట మాస్టారు, స్వచ్ఛమైన తెలుగు శాకాహార భోజనం అని. అదే మాట. అది చదివాకే ఈ ఉత్తరం రాయడానికి కూర్చున్నాను. రేపు అక్కడికి వెళ్లే వాళ్లలో మా అమ్మ లాంటి వాళ్లు ఎంతమంది ఉంటారు? వాళ్లకి కూడా ఇదే చేస్తారా?

తప్పు ఎవరైనా చేస్తారు. ఆ రోజు గయలోనే మీ మేనేజరు అమ్మ దగ్గరికొచ్చి "అమ్మా, పొరపాటు జరిగింది, క్షమించండి" అని ఒక్క మాట అనుంటే అక్కడితో అయిపోయేది, ఆమె స్వభావం అలాంటిది. మొదట్లో నేను మీకు ఫోన్ చేసిన ప్రతిసారీ పక్కకొచ్చి "ఏమన్నార్రా?" అని అడిగేది. కనుక్కుని చెప్తామన్నారమ్మా అనేవాణ్ణి. డిసెంబరు సగం నుంచీ అడగడం మానేసింది. ఇప్పుడు నేను ఫోన్ తీయగానే లేచి వంటింట్లోకి వెళ్లిపోతుంది. నా కోపం అంతా అక్కడుంది.

డబ్బు సంగతి కూడా రాస్తున్నాను. కాశీ, గయ రోజుల భోజనానికి ఎంతవుతుందో మీరే లెక్కేసి వెనక్కి ఇవ్వండి, ఆ లెక్క మీద నేను బేరం ఆడను. దానికంటే ముందు కంపెనీ తరఫున బాధ్యత ఉన్న మనిషి ఒకరు, కాల్ సెంటర్ వాళ్లు కాదు, మా అమ్మ పేరు మీద తెలుగులో ఉత్తరం రాసి సంతకం పెట్టాలి. ఆ డబ్బాలు ఏ హోటల్ నుంచి వచ్చాయో, ఆ స్టిక్కర్లు ఎవరు అంటించారో అందులో ఉండాలి. వంట మనిషిని పంపలేని యాత్రలకి ఆ ప్రకటన ఆపేయాలి.

ఈ ఉత్తరం అందిన 15 రోజుల్లో జవాబు రాకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915లో ఫిర్యాదు నమోదు చేస్తాను, తర్వాత జిల్లా వినియోగదారుల కమిషన్‌కి వెళ్తాను. 2019 చట్టం ప్రకారం నేను ఉన్న ఊళ్లోనే కేసు వేయొచ్చు, 5 లక్షల లోపు ఫీజు కూడా లేదు, వకీలు లేకుండా నేనే మాట్లాడుకోవచ్చు. ఫారం కాపీ, ఫొటోలు, మీ మెసేజ్‌లు, డైరీ అన్నీ ఫైలు చేసి పెట్టాను. ఆ బస్సులో మాతో ఉన్న నరసాపురం దంపతులు సాక్ష్యం చెప్తామన్నారు. ఇన్నాళ్లూ మీ దగ్గరికి పంపిన పాతిక మందికీ ఈ ఉత్తరం కాపీ పంపిస్తున్నాను.

ఫోన్ చేసేటట్టయితే సాయంత్రం నాలుగు తర్వాత చేయండి, మధ్యాహ్నం అమ్మ పడుకుంటుంది. నాతో మాట్లాడక్కర్లేదు. ఫోన్ ఆమెకే ఇస్తాను.

ఇట్లు,
2012 నుంచీ మీతో యాత్రలు చేసిన కుటుంబం తరఫున,
ఆ తల్లి కొడుకు