గంటంబావు విమానానికి ఇంటి నుంచి ఎన్ని గంటలు?

గౌరవనీయులైన కేంద్ర పౌర విమానయాన శాఖ మంత్రి శ్రీ కింజరాపు రామ్మోహన్ నాయుడు గారికి,

నమస్కారమండీ. విశాఖ విమానాలు మారబోయే భోగాపురం కొత్త విమానాశ్రయానికి దారి గురించి ఈ ఉత్తరం. మాది విశాఖలోని గాజువాక. మా నాన్న స్టీల్ ప్లాంట్‌లో పనిచేసి రిటైరయ్యారు. గుండె ఆపరేషన్ అయినప్పటి నుంచి చెకప్‌కి ఆయన్ను హైదరాబాద్ తీసుకెళ్తుంటాను. గోదావరి ఎక్స్‌ప్రెస్‌లో రాత్రంతా ప్రయాణం చేసే ఓపిక ఆయనకిప్పుడు లేదు. వందే భారత్‌లోనైనా 8 గంటలు దాటుతుంది. అందుకే ఖర్చయినా విమానమే.

విశాఖ నుంచి హైదరాబాద్‌కి ఆకాశమార్గాన సుమారు 500 కిలోమీటర్లు. టికెట్ మీద గంటంబావు అని ఉంటుంది. నాన్న లెక్క వేరు. ప్రతి ప్రయాణంలోనూ చిన్న డైరీలో టైములు రాసుకుంటారు, మాత్రలు ఆ ప్రకారం వేసుకోవాలి కదా. పోయినసారి రాసింది ఇదీ: ఇల్లు 5.10, ఎయిర్‌పోర్టు 5.40, విమానం కదిలింది 7.20, శంషాబాద్ 8.35, కూకట్‌పల్లిలో అమ్మాయి ఇల్లు 10.15. మొత్తం 5 గంటల 5 నిమిషాలు.

రేపు విమానాలు భోగాపురం మారాక ఈ లెక్కలో మొదటి అరగంటే తలకిందులవుతుంది. గాజువాక నుంచి అక్కడికి 60 కిలోమీటర్లకు దగ్గర. ఎన్‌ఏడీ, మద్దిలపాలెం, హనుమంతవాక, మధురవాడ, కొమ్మాది, ఆనందపురం, తగరపువలస... సాయంత్రం పూట ఇవన్నీ దాటడమంటే రెండు గంటలు చేతిలో ఉంచుకోవాల్సిందే. అనకాపల్లి వాళ్ళకి సబ్బవరం మీదుగా ఆరు వరసల బైపాస్ ఉంది. మాకు ఆ బైపాస్ ఎక్కడమే ఓ ప్రయాణం.

భోగాపురం వద్దని నేననడం లేదండీ. ఇప్పుడున్నది నేవీ రన్‌వే, వాళ్ళ అవసరాలు వాళ్ళకుంటాయి. మీ శ్రీకాకుళం వాళ్ళు ఇన్నేళ్ళూ వంద కిలోమీటర్లు పైబడి వచ్చి మా ఊళ్ళో విమానం ఎక్కారు. వాళ్ళకీ విజయనగరం వాళ్ళకీ ఇప్పుడు దగ్గరవుతుంది, అది న్యాయమే. అల్లూరి పేరు పెట్టినందుకు గర్వంగానూ ఉంది.

నా విన్నపమల్లా దారి గురించి. శంషాబాద్ విమానాశ్రయం 2008 మార్చిలో మొదలైంది. మెహదీపట్నం నుంచి వెళ్ళే పీవీ ఎక్స్‌ప్రెస్‌వే 2009 అక్టోబరులో గానీ రాలేదు. మధ్యలో ఏడాదిన్నర జనం పడ్డ అవస్థ మనకి రాకూడదు. అక్కడ తర్వాత్తర్వాత ఆదుకున్నది ఆర్టీసీ వాళ్ళ ఎయిర్‌పోర్టు బస్సులు, పుష్పక్‌లు. ఇప్పటికీ సూట్‌కేసుతో సామాన్యుడు ఎక్కేది వాటినే.

అలాంటి బస్సులు మొదటి విమానం ఎగిరే రోజు నుంచే కావాలి. గాజువాక, ఎన్‌ఏడీ, ద్వారకా బస్ స్టేషన్ నుంచి, విమానాల టైములు చూసి వేయాలి. పొద్దున్న 6 గంటల విమానానికి తెల్లవారుజామున 3కే బస్సుండాలి. రాత్రి 11కి దిగినవాడి కోసం బయట బస్సు ఆగి ఉండాలి. మెట్లు ఎత్తుగా ఉంటే నాన్నలాంటి వాళ్ళు ఎక్కలేరు, కాబట్టి లో ఫ్లోర్ బస్సులే వేయండి. ఆర్టీసీ మీ శాఖ కాదని తెలుసు. కానీ రాష్ట్ర ప్రభుత్వాన్నీ, విమానాశ్రయం వాళ్ళనీ ఒక బల్ల దగ్గర కూర్చోబెట్టగలిగేది మీరే.

ప్రారంభోత్సవం తేదీతో పాటు ఆ బస్సుల టైమ్‌టేబుల్ కూడా ప్రకటించండి. నాన్న ముందుగానే డైరీలో రాసుకుంటారు.

ఇట్లు,
గాజువాక నుంచి ఒక ప్రయాణికుడు