సుబ్బూ, నీ జొన్నరొట్టెల సంగతి

ఒరేయ్ సుబ్బూ,

నువ్వు ఫోను పెట్టేశాక కూడా చాలాసేపు నవ్వుకున్నాన్రా. అన్నం మానేసి నెల్లాళ్లుగా జొన్నరొట్టెలు నములుతున్నా షుగర్ దిగట్లేదని ఏడుస్తావా! రాత్రికి ఎన్ని తింటున్నావంటే "నాలుగేరా, అదీ పెద్దవేం కాదు" అన్నావు. నాలుగింటికి ఎంత లేదన్నా 200 గ్రాముల పిండి పడుతుంది. జొన్నపిండి 100 గ్రాముల్లో 70 దాకా పిండిపదార్థమే, అరిగాక అది చక్కెరగా మారేదే. అంటే అన్నాన్ని వీధి గుమ్మంలోంచి పంపించి, పెరటి గుమ్మంలోంచి మళ్లీ లోపలికి పిలిచావన్నమాట.

నేనూ అక్కడే బోల్తా పడ్డాన్లే. మొదటి మూణ్ణెల్లూ కాఫీలో పంచదార మానేసి, రాగిసంకటి పట్టుకుని, మహా త్యాగం చేసినవాడిలా తిరిగాను. హెచ్‌బీఏ1సీ, అదే మూణ్ణెల్ల సగటు షుగర్ చెప్పే రక్తపరీక్ష, 9.1 నుంచి 8.8కి దిగింది. అంతే! అప్పుడు మీ చెల్లెమ్మ ఓ పని చేసింది. నేను రోజూ మధ్యాహ్నం తినేంత అన్నం గిన్నెలో వేసి కాటా మీద పెట్టింది. పప్పులోకి, కూరలోకి, చారులోకి, ఆఖర్న పెరుగులోకి, అన్నీ కలిపి 420 గ్రాములు. వండిన అన్నం 100 గ్రాములకి 28 గ్రాముల పిండిపదార్థం ఉంటుంది. లెక్క కట్టి చూస్తే పాతిక చెంచాల పంచదార పైమాటే. నేను కాఫీలో మానేసింది ఒక్క చెంచా!

ఆ రోజే కంచం తిరగేశాం. ఇప్పుడు గరిటెడు అన్నం, దాని చుట్టూ బెండకాయ వేపుడో, గోంగూరో, రెండు గుడ్లో, చేపముక్కో. కూర తింటూ అన్నం నంజుకుంటున్నాననుకో. పొద్దున పెసరట్టు ఒక్కటే, ఉప్మా లేకుండా. "ఎమ్మెల్యే పదవికి రాజీనామా ఇచ్చేశావట్రా" అని మా మావయ్య వెక్కిరింపు. మొదటి పదిరోజులూ చిరాకుతో ఇంట్లో అందరి మీదా అరిచాను, అది వేరే కథ. ఆవకాయ మాత్రం చచ్చినా మానలేదు. ముద్దలు రెండే, నెయ్యి దండిగా.

ఇప్పుడు చెప్పేది నవ్వులాట కాదు, శ్రద్ధగా చదువు. నేను డాక్టరుకి చెప్పకుండా అన్నం తగ్గించాను. షుగర్ దింపే గ్లిమెపిరైడ్ మాత్ర మాత్రం ఎప్పట్లాగే మింగుతున్నాను. వారం తిరక్కుండానే ఓ సాయంత్రం రామాలయం అరుగు మీద కూర్చున్నవాణ్ని కూర్చున్నట్టే వణికిపోయాను. చొక్కా తడిసి ఒంటికి అతుక్కుపోయింది. ఎదురుగా ఉన్న మనిషి పేరు గుర్తు రాలేదంటే నమ్ము. ఇంటికి తీసుకొచ్చి మిషన్లో చూస్తే షుగర్ 58కి పడిపోయింది. మీ చెల్లెమ్మ మూడు చెంచాల పంచదార నీళ్లలో కలిపి తాగించి, పావుగంటకి మళ్లీ చూసింది. 92 వచ్చాక గానీ కూర్చోలేదు పాపం. "తిండి సగం చేసి మాత్ర అలాగే ఉంచితే పడిపోరూ?" అని మర్నాడు డాక్టరు చివాట్లు పెట్టి డోసు తగ్గించారు.

నీ మందుల చీటీలో డాపాగ్లిఫ్లోజిన్ ఉందన్నావు కదా, చక్కెరని మూత్రంలోంచి బయటికి పంపే మాత్ర. అది వేసుకుంటూ పిండిపదార్థం బొత్తిగా మానేస్తే, షుగర్ పెద్దగా పెరక్కుండానే ఒంట్లో కీటోన్లు (కొవ్వు కరిగేటప్పుడు పుట్టే ఆమ్లాలు) పేరుకుపోయి ప్రాణం మీదికి రావచ్చట. మా డాక్టరే చెప్పారు. అందుకని పిండిపదార్థం మానేయమంటూ నీకు వాట్సాప్‌లో వచ్చిన ఆ కొబ్బరినూనె చార్టు పక్కన పడేసి, ముందు మీ డాక్టర్ని కలువు. ఏం తగ్గించబోతున్నావో, ఎంత తగ్గించబోతున్నావో చెప్పు. పనిలో పని, కిడ్నీ పరీక్ష కూడా చేయించుకో.

ఆర్నెల్లకి నా హెచ్‌బీఏ1సీ 6.6కి వచ్చింది. ఇప్పుడు మెట్‌ఫార్మిన్ ఒక్కటే వాడుతున్నాను. షుగర్ జబ్బు పూర్తిగా పోయిందని మాత్రం అనను. మొన్న మేనకోడలి పెళ్లిలో పులిహోర, మూడు బూరెలు లాగించి రెండు గంటల తర్వాత చూసుకుంటే 241!

పండక్కి వస్తున్నాం. గుత్తివంకాయలు నాకు నాలుగు, అన్నం గరిటెడే అని అమ్మతో చెప్పు. కాటా నేను తెస్తాను, నీ మందుల చీటీ తీసి పెట్టు.

ఉంటాన్రా,
రాంబాబు