సెలైన్ బాటిల్‌లో ఏ మందు కలిపారో ఎవరు చూస్తున్నారు?

సంపాదకులకు నమస్కారం.

ఈ మధ్య మా నాన్నకు ఫిట్స్ వస్తే ఒక ఆస్పత్రిలో చేర్చాం. రాత్రి పదకొండింటికి సిస్టర్ వచ్చి, ఎక్కుతున్న గ్లూకోజ్ బాటిల్‌లోనే ఫెనిటాయిన్ అనే ఫిట్స్ మందు కలిపి వెళ్లింది. ఇరవై ఏళ్లుగా ఫార్మసిస్టుగా చేస్తున్నదాన్ని, మనసు ఊరుకోలేదు. ఫోన్ లైటు వేసి చూశాను. బాటిల్‌లో సన్నటి తెల్లని నలుసులు తిరుగుతున్నాయి. వెంటనే గొట్టం క్లిప్పు బిగించి, ఎక్కకుండా ఆపి ఆమె కోసం పరుగెత్తాను. చూడగానే ఆమె మొహం పాలిపోయింది. "నలభై బెడ్లకు నేనొక్కదాన్నే మేడం, ఏ బాటిల్ ఎక్కుతుంటే అందులో కలిపేస్తాం" అంది. నాకు కోపం రాలేదు, భయం వేసింది. బాటిల్ మార్చి నార్మల్ సెలైన్‌లో, అంటే ఉప్పునీటి బాటిల్‌లో, పెట్టారు. నాన్న ఇప్పుడు బాగున్నారు.

ఫెనిటాయిన్ బాగా క్షారగుణం ఉంటేనే కరిగి ఉంటుంది. గ్లూకోజ్‌కి ఆమ్లగుణం. రెండూ కలిస్తే మందు విరిగి పలుకులు కడుతుంది. 2021లో బ్లాక్ ఫంగస్ వచ్చినప్పుడు జనం ఊరూరా వెతికిన ఆంఫోటెరిసిన్-బి దీనికి పూర్తిగా తలకిందులు. దానికి నార్మల్ సెలైన్ పడదు, గ్లూకోజే కావాలి. ఇక వార్డుల్లో రోజూ వాడే సెఫ్ట్రియాక్సోన్ అనే యాంటీబయాటిక్‌కి కాల్షియం పడదు, ఆర్‌ఎల్ (రింగర్ లాక్టేట్) అనే సెలైన్ బాటిల్‌లో అది ఉంటుంది. ఈ రెండూ ఇచ్చిన పసికందులు కొందరు చనిపోయారు, వాళ్ల ఊపిరితిత్తుల్లో, కిడ్నీల్లో తెల్లటి పలుకులు కనిపించాయి. దీని మీద అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2007లోనే హెచ్చరించింది. 28 రోజుల లోపు పిల్లలకు కాల్షియం ఎక్కుతుంటే ఈ ఇంజక్షన్ అసలు ఇవ్వకూడదు. పెద్దవాళ్లకైనా ఒకటి అయ్యాక గొట్టం కడిగాకే రెండోది ఇవ్వాలి.

నలుసు కనిపిస్తే ఆపగలం. కనిపించనివాటి సంగతేమిటి? ఆంపిసిలిన్ అనే యాంటీబయాటిక్‌ని గ్లూకోజ్‌లో కలిపితే చూడ్డానికి ఏ తేడా ఉండదు, కానీ కొన్ని గంటల్లోనే మందు బలం తగ్గిపోతుంది. జ్వరం దిగకపోతే మందు పనిచేయలేదనుకుని ఇంకా పెద్ద యాంటీబయాటిక్ రాస్తారు. పల్లెల్లో నీరసమని సెలైన్ పెట్టించుకునేవాళ్ల బాటిల్‌లో ఏమేం కలుపుతారో అడిగేవాళ్లే లేరు.

మా నాన్న మంచం పక్కన వేలాడిన బాటిల్ మీద ఒక్క అక్షరం లేదు. మందు పేరు, డోసు, కలిపిన టైమ్, కలిపినవాళ్ల సంతకం ఉన్న స్టిక్కర్ ప్రతి బాటిల్‌కీ తప్పనిసరి చేయాలి. ఏ మందుకు ఏ సెలైన్ పడుతుందో, ఏది పడదో తెలిపే చార్టు ప్రతి నర్సింగ్ స్టేషన్ గోడ మీద తెలుగులో ఉండాలి. సిస్టర్ల సంఖ్య పెంచాలి, నలభై మందికి ఒకరైతే ఏ చార్టూ చదివే తీరిక ఉండదు.

ఇంకో మాట. ఇలాంటివి పట్టుకోవడానికే 2008లో మన దేశంలో ఫార్మ్-డి (డాక్టర్ ఆఫ్ ఫార్మసీ) కోర్సు మొదలుపెట్టారు. ఆరేళ్ల చదువు, అందులో ఆఖరి ఏడాది మొత్తం ఆస్పత్రిలోనే. మన రెండు రాష్ట్రాల్లో ఆ చదువు చదివి, వార్డులో ఉద్యోగం దొరక్క వేరే పనులు చేసుకుంటున్న పిల్లలు నాకే ఎంతోమంది తెలుసు. జిల్లా ఆస్పత్రుల్లో వాళ్లకు పోస్టులు ఎప్పుడిస్తారో రెండు ప్రభుత్వాల ఆరోగ్యశాఖలూ చెప్పాలి.

- ఒక ఫార్మసిస్టు, ఖమ్మం