బాస్ సంగతి తర్వాత, ముందు పరిగెల్ని బతకనివ్వండి

సంపాదకుడి గారికి,

పులిచింతల జలాశయంలో, చిన్న చేపల్ని వేటాడి తినే అమెరికా బాస్ (లార్జ్‌మౌత్ బాస్) చేపను వదిలితే గాలం వేటకు పర్యాటకులు క్యూ కడతారని పది రోజుల కింద మీ పత్రికలో ఒకరు సెలవిచ్చారు. పొరుగింటి పుల్లకూర రుచి మరి.

అమెరికాలో బాస్ బలిసేది అక్కడ దొరికే మేత వల్ల. త్రెడ్‌ఫిన్ షాడ్ అనే వెండిరంగు చిరుచేప గుంపులుగా తిరుగుతుంది, ఎంత ఎదిగినా బాస్ నోట్లో పట్టే సైజు దాటదు. దాని దగ్గరి చుట్టం గిజార్డ్ షాడ్ అలా కాదు. చకచకా పెరిగి నోటికి పట్టకుండా పోతుంది. పైగా దాని పిల్లలు బాస్ పిల్లలు తినాల్సిన ప్లవకాలను (నీళ్లలో తేలే సూక్ష్మజీవులను) ముందే ఊడ్చేస్తాయి. బాస్ పిల్ల రెండంగుళాల వరకు ప్లవకాలు, పురుగులు తిని, ఆ తర్వాతే చేపల మీద పడుతుంది. ఆ మలుపు ఆలస్యమైతే మొదటి చలికాలం గట్టెక్కడం కష్టం. నీళ్లు 5-7 డిగ్రీలకు చల్లబడితే త్రెడ్‌ఫిన్ గుట్టలుగా చస్తుంది, బాస్ బక్కచిక్కుతుంది. వేటచేప కిలో పెరగాలంటే చిరుచేపలు దాదాపు 10 కిలోలు కావాలని అక్కడివాళ్ల మోటు లెక్క.

ఆ 10 కిలోలు మన దగ్గర ఎక్కడున్నాయి? కొరమీను, వాలుగ మనకు ఉన్నవే. వాటికి మేతయ్యే పరిగెలు అనే చిరుచేపలే కరవు. పరిగెలు వానాకాలంలో అంచున మునిగిన గడ్డిలో గుడ్లు పెడతాయి. వారంలో మట్టం నాలుగడుగులు దించితే గడ్డి బయటపడి గుడ్లు ఎండిపోతాయి. దిగువన ప్రకాశం బ్యారేజీ దగ్గర నీటిమట్టం 12 అడుగులు ఉందా లేదా అన్నదే మనవాళ్లకు లెక్క, అంచున ఏం చస్తోందో ఎవరికి పట్టింది! మిగిలినవాటిని అలివి వల ఊడ్చేస్తుంది. దోమతెర లాంటి ఆ వల కన్నులోంచి వేలెడు పిల్ల కూడా తప్పించుకోలేదు. నిషేధం ఉంది, కాగితం మీద.

ఇక చేపపిల్లల విడుదల అనే ఫొటోల పండగ. జలాశయంలో వదిలే పిల్ల 100 మిల్లీమీటర్లు దాటి ఉండాలి. అంతకన్నా చిన్నది వదిలితే వాలుగకు ఫలహారమే. పిల్లలున్న సంచిని పావుగంటైనా నీళ్లలో తేలనిచ్చి, వేడి సమానమయ్యాక, కొంచెం కొంచెంగా జలాశయం నీళ్లు కలిపి చల్లపూట వదలాలి. మనవాళ్లు మిట్టమధ్యాహ్నం ఘాటు మెట్ల మీంచి గుమ్మరిస్తారు. పోనీ అవి బతికాయే అనుకుందాం. అలా వదిలే బొచ్చె, శీలావతి, ఎర్రమోసు కొన్ని నెలల్లోనే కొరమీను నోటికి పట్టనంత అవుతాయి, అచ్చం ఆ గిజార్డ్ షాడ్ లాగే. పరిగె చేసే పని అవి చేయలేవు.

లార్జ్‌మౌత్ బాస్ ప్రపంచంలోని 100 చెడ్డ ఆక్రమణ జాతుల జాబితాలో ఉంది. జపాన్ 1925లో ఆషి సరస్సులో వదిలి, 2005లో చట్టంతో కట్టడి చేయాల్సి వచ్చింది. మనం నిషేధించిన ఆఫ్రికన్ క్యాట్‌ఫిష్‌నే చెరువుల్లోంచి తరమలేకపోతున్నాం. కాలువల్లో గుర్రపుడెక్క తీయడానికి ఏటా టెండర్లు, ఏటా అదే గుర్రపుడెక్క. మురుగు నేరుగా నదిలోకి. ఇంత సమర్థులకు కొత్త చేప అప్పగిద్దామా?

సముద్రంలో ఏప్రిల్ 15 నుంచి 61 రోజులు వేట ఆపించగలుగుతున్నారు. జలాశయాల్లో జూలై, ఆగస్టుల్లో పడవల మీదికెళ్లి అలివి వలలు పట్టుకుని కాల్చేయండి. గుడ్లు పెట్టే ఆ రోజుల్లో మట్టం ఒక్కసారిగా దించకండి. సలహాదారుకు అంత గాలం సరదా ఉంటే అప్పుడు వాలుగకు వేసుకోవచ్చు, విమానం టికెట్టు కూడా అక్కర్లేదు.

— ఒక పాఠకుడు, కృష్ణలంక, విజయవాడ