నీళ్లొచ్చిన ఏడాది: 2024-25 వార్షిక నివేదిక

మన పొదుపు, అప్పుల సంఘ సభ్యులైన అక్కాచెల్లెళ్లందరికీ నమస్కారం.

జమాఖర్చుల పట్టీ, ఆడిట్ రిపోర్టు ఇప్పటికే మీ చేతికి వచ్చాయి. వాటిలో అంకెలున్నాయి గానీ అవి అలా ఎందుకొచ్చాయో లేదు. సెప్టెంబర్ నుంచి మూడు నెలలు వసూళ్ల కాలమ్ ఖాళీగా ఎందుకుంది, రిజర్వు నిధి ఎందుకు తగ్గింది అని పోయిన వారం ఒకరిద్దరు అడిగారు. అడగాల్సిందే. ఏప్రిల్ నుంచి ఆగస్టు దాకా సంఘం మామూలుగానే నడిచింది, దాని జోలికి పోను. మిగతా ఏడు నెలల సంగతే ఈ నివేదిక.

2024 సెప్టెంబర్ 1, ఆదివారం. బుడమేరు వాగుకు గండ్లు పడి విజయవాడలో సింగ్‌నగర్, పాయకాపురం, రాజరాజేశ్వరీపేట మునిగిన వైనం మీకు నేను చెప్పక్కర్లేదు. మన ఆఫీసు గది కింది అంతస్తులోదే. నీళ్లు తీశాక వెళ్తే చెక్క బీరువా తలుపులు ఉబ్బి బిగుసుకుపోయాయి, గునపం పెట్టి తెరవాల్సి వచ్చింది. అప్పుల లెడ్జరు అట్టలు ఊడిపోయి, పేజీలు ఒకదానికొకటి అంటుకుని ఇటుకలా తయారైంది. బాల్‌పెన్నుతో రాసిన పద్దులు నిలిచాయి, ఇంకు పెన్నుతో రాసినవి నీలం మరకలయ్యాయి. మన పాత గుమాస్తా గారికి ఇంకు పెన్నంటే మహా గౌరవం. ఆ గౌరవం మనకు రెండు నెలల పని పెట్టింది.

పేజీలు విడదీసి డాబా మీద బట్టల తీగకు క్లిప్పులతో వేలాడదీశాం. ఆరాక, మీ ఇళ్లల్లో మిగిలిన పాస్‌బుక్కులతో సరిచూసుకుంటూ కొత్త లెడ్జరు రాశాం. బాకీ ఎక్కువ పడిందని ఆరుగురు వచ్చారు. అందులో ముగ్గురి మాట నిజమే, సరిచేశాం. తక్కువ పడిందని వచ్చింది ఒక్కరే. పూలమ్మే సభ్యురాలు, రెండు వేలు తక్కువ రాశారని చెప్పింది. ‘నా లెక్క నాకు తెలుసు, మీ పుస్తకం తడిసిందేమో నా బుర్ర తడవలేదు’ అంది.

జామీనుల విషయంలో మనం ఎక్కడ దెబ్బతిన్నామో ఇప్పుడు చెప్పాలి. ఆస్తి తాకట్టు లేకుండా అప్పిస్తాం గనుక ఇద్దరు సభ్యుల జామీను సంతకాలు తీసుకుంటాం. ఒకరికి ఒంట్లో బాగోకపోతే, మగ్గం వర్కుకో టిఫిన్ బండికో గిరాకీ తగ్గితే, మిగతా ఇద్దరూ ఆదుకుంటారు. ఇన్నేళ్లూ అలాగే నడిచింది. కానీ జామీను పెట్టేది ఎవరు? పక్కింటావిడ, ఎదురింటావిడ. అదే వీధి, అదే పల్లం. నీళ్లు వస్తే అప్పు తీసుకున్న ఆమె గ్రైండరూ మునిగింది, జామీను పెట్టిన ఇద్దరి కుట్టు మిషన్లూ మునిగాయి. మనిషికి వచ్చే కష్టానికి జామీను పనికొస్తుంది. ఊరంతటికీ కష్టం వస్తే కాగితం మీద ఎన్ని సంతకాలున్నా ఒకటే. ఈ సంగతి ముందే తట్టకపోవడం కమిటీ తప్పే. నేనూ ఆ కమిటీలో ఉన్నదాన్నే.

రెండో దెబ్బ పొదుపుల వైపు నుంచి వచ్చింది. నీళ్లు తగ్గిన వారంలో అప్పు కావాలని వచ్చిన వాళ్ల కంటే, దాచుకున్నది ఇచ్చేయమని వచ్చిన వాళ్లే ఎక్కువ. వాళ్లది వాళ్లకివ్వాలి, అందులో రెండో మాట లేదు. కానీ ఆ పొదుపులే కదా మనం అప్పులుగా తిప్పేది! బయట ఉన్న అప్పులు రాక, పొదుపులు వెనక్కి పోతూ ఉంటే క్యాష్ పెట్టె ఎంత తొందరగా ఖాళీ అవుతుందో కోశాధికారి గారు ఆ పది రోజుల్లో చూశారు. మన వాడలో లేని డబ్బు, అంటే బ్యాంకులో ఫిక్స్‌డ్ డిపాజిట్ వేసిన రిజర్వు నిధి, అప్పుడు మనల్ని నిలబెట్టింది. ‘ఏడు శాతానికి బ్యాంకులో ఎందుకు మగ్గబెడతారు, మనకే అప్పులివ్వొచ్చుగా’ అని ప్రతి సభలోనూ అడిగేవాళ్లు. వాళ్లకు ఇదే సమాధానం.

సెప్టెంబర్ మూడో వారంలో కమిటీ రెండు తీర్మానాలు చేసింది. నీళ్లొచ్చిన ఇళ్ల సభ్యులకు మూడు నెలల కిస్తీలు ఆపాం, ఆ మూడు నెలల వడ్డీ రిజర్వు నుంచి సర్దాం. రెండోది, పాత బాకీ ఉన్నా సరే, వ్యాపారం మళ్లీ మొదలుపెట్టడానికి ఐదు వేలు చేబదులు అప్పు. దీని మీద గట్టిగానే వాదన జరిగింది. బాకీ మీద బాకీ ఎక్కిస్తే మనకీ ఫైనాన్సు వాళ్లకీ తేడా ఏమిటన్నారు ఒకరు. అది తీసిపారేసే మాట కాదు. అయినా ఇచ్చాం, ఎందుకంటే అక్టోబర్ 3న కనకదుర్గమ్మ కొండ మీద దసరా మొదలు. పూలు, గాజులు, టిఫిన్లు, టీ అమ్మే మన వాళ్లకు ఏడాదిలో గిరాకీ అంటే ఆ పది రోజులే.

టిఫిన్ బండి నడిపే ఒక సభ్యురాలి లెక్క, ఆమె ఒప్పుకుంది గనుక పేరు లేకుండా రాస్తున్నాను. గ్రైండర్ మోటారులోకి బురద నీళ్లు పోయాయి, వైండింగ్ మొత్తం మార్చాలన్నాడు మెకానిక్. దానికి రెండున్నర వేలు. బండి చక్రాల బేరింగులు తుప్పు పట్టాయి. మిగిలినది మినపగుళ్లు, ఇడ్లీ రవ్వ, నూనె, గ్యాసు. ఐదు వేలు పూర్తిగా చాలలేదు, చెవిదిద్దులు కుదువ పెట్టింది. కానీ దసరా మొదటి రోజుకి బండి రోడ్డెక్కింది, దీపావళికి ముందే దిద్దులు విడిపించుకుంది. దీపావళి దాటాక వచ్చిన సభ్యులకు ఇరవై వేల దాకా ఇచ్చాం. వాళ్లు మాత్రం సంక్రాంతి దాకా కోలుకోలేదు. సొమ్ము కంటే తేదీ ముఖ్యమని ఈ ఏడాది మాకు బాగా ఎక్కింది. భవానీ దీక్షల ఎర్రబట్టలు కుట్టే ముగ్గురికి అక్టోబర్ చివర్లోనే తాన్ల డబ్బు అందేలా చూడటం అందుకే.

ముంపు ఇళ్లకు ప్రభుత్వం 25,000 ఖాతాల్లో వేసిన రోజుల్లో వీధిలోకి ముందుగా వచ్చింది ఎవరో గుర్తుందా? రోజువారీ ఫైనాన్సు వాళ్లు. డబ్బు పడినట్టు మన ఫోన్లకు మెసేజ్ రాకముందే వాళ్లకు తెలిసినట్టుంది. బెజవాడలో కాల్‌మనీ గొడవ, అంటే అధిక వడ్డీ అప్పులు, వసూళ్ల వేధింపుల సంగతి, 2015 డిసెంబర్‌లో బయటపడింది. పేరు మారింది, బండి మారింది, చేతిలో చిట్టా మారలేదు.

ఆ లెక్క ఇంకోసారి చెప్తాను, కొత్తగా చేరిన వాళ్ల కోసం. పది వేలు అప్పంటారు. ముందే పదిహేను వందలు కోసుకుని 8,500 చేతిలో పెడతారు. రోజుకు వంద చొప్పున వంద రోజులు కట్టాలి. మూడు నెలల పైచిలుకుకు పదిహేను వందలే కదా, నెలకు ఐదు రూపాయల వడ్డీ కూడా పడదు అనుకుంటాం. అక్కడే మోసపోతాం. మొదటి రోజు నుంచే అసలు తిరిగి కట్టేస్తున్నాం, యాభయ్యో రోజుకి మన దగ్గర వాళ్ల సొమ్ము సగమే ఉంటుంది. ఆ తరుగుదల కలిపి లెక్కేస్తే నూటికి నెలకు దాదాపు పది రూపాయలు! మన సంఘంలో అదే పది వేలు రూపాయి వడ్డీకి తీసుకుని, నెలకు వెయ్యి అసలు చొప్పున పది నెలల్లో తీరిస్తే మొత్తం వడ్డీ 550. అయినా మన వాళ్లు అక్కడికి ఎందుకు వెళ్తున్నారు? తెల్లారి ఐదింటికి పూల మార్కెట్‌లో సరుకు దింపుకోవాలి, మన కమిటీ సమావేశం పదో తారీఖున. దీనికి ఫైనాన్సు వాళ్లను తిట్టి లాభం లేదు. రెండు వేల వరకు కమిటీ కోసం ఆగకుండా ఏ ఇద్దరు పదాధికారులైనా అదే రోజు ఇచ్చే పద్ధతి జనవరి నుంచి పెట్టాం.

డ్వాక్రా గ్రూపులో ఉండగా మన సంఘం దేనికి అని కూడా కొందరు అడుగుతారు. గ్రూపు అప్పు పెద్దది, వడ్డీ చవక, వదులుకోవద్దు. కాకపోతే అది వచ్చినప్పుడు వస్తుంది, వచ్చాక తలా ఇంతని సమానంగా పంచుకుంటారు. చీర అంచులు కుట్టే పీకో మిషన్ కొనాలనుకున్న ఆమెకీ, వస్త్రలత బట్టల మార్కెట్‌లో చీరల మూట కట్టుకోవాలనుకున్న ఆమెకీ, అసలు ఏమీ వద్దనుకున్న ఆమెకీ ఒకే మొత్తం. బండ్ల వాళ్లకు కేంద్రం పెట్టిన పీఎం స్వనిధి పథకం అప్పు కూడా మంచిదే. మొదట్లో మొదటి విడత పది వేలు ఉండేది. 2025 ఆగస్టులో కేంద్రం దాన్ని 15,000 చేసింది, రెండో విడత 25,000, మూడోది 50,000. సమయానికి కడితే ఏడు శాతం వడ్డీ రాయితీ ఖాతాలోకి వస్తుంది. కార్పొరేషన్ ఇచ్చే గుర్తింపు కార్డు గానీ సిఫారసు పత్రం గానీ ఉండాలి. వరదలో కార్డులు పోయిన వాళ్లకు దరఖాస్తులు మన ఆఫీసులోనే రాసి పెడుతున్నాం.

ఇక మాకు సిగ్గుగా ఉన్న భాగం. వరద తర్వాత, అప్పటిదాకా ఏ వ్యాపారమూ చేయని తొమ్మిది మందికి కొత్తగా షాపులు పెట్టుకోమని అప్పులిచ్చాం. ఉత్సాహం మాదే. వాళ్లు అడిగిన దాని కంటే మేం నెట్టిందే ఎక్కువ. ఒకే వీధిలో మూడు కిరాణా కొట్లు వస్తే ముగ్గురికీ బేరాలు పలచబడ్డాయి. రెండు మూతపడ్డాయి. ఆర్థికవేత్తలు అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డఫ్లో తమ బృందంతో హైదరాబాద్‌లో 104 బస్తీల్లో చేసిన పెద్ద అధ్యయనం గురించి మన ఉపాధ్యక్షురాలి గారి అమ్మాయి చెప్పింది. సగం బస్తీల్లో చిన్న అప్పులు అందుబాటులోకి తెచ్చి, మిగతా సగంతో పోల్చి చూశారు. అప్పటికే వ్యాపారం ఉన్న వాళ్లు దాన్ని పెంచుకున్నారు. ఇంటి ఖర్చులు, పిల్లల చదువులు, ఆరోగ్యం మాత్రం చెప్పుకోదగ్గంత మారలేదు. ఆ ఇద్దరికీ 2019లో నోబెల్ వచ్చింది. ఆ అధ్యయనం చెప్పిన సంగతి మనకు తెలియడానికి తొమ్మిది అప్పులు ఖర్చయ్యాయి. వాటిలో బాకీ పడ్డ వాళ్ల మీద ఒత్తిడి పెట్టం, పేర్లు బోర్డు మీద అంటించం. కిస్తీ సగానికి తగ్గించాం, కడుతున్నారు.

ఒత్తిడి ఎందుకు పెట్టమో, 2010లో మైక్రోఫైనాన్స్ కంపెనీల అప్పులతో వచ్చిన పరిస్థితి గుర్తున్న వాళ్లకు వివరించక్కర్లేదు. వారం వారం వసూళ్లకు ఇంటి ముందు కూర్చునే మనుషులు, ఒక కంపెనీ కిస్తీ కట్టడానికి ఇంకో కంపెనీ అప్పు, ఆత్మహత్యలు. ఆ అక్టోబర్‌లో ప్రభుత్వం ఆర్డినెన్సు తెచ్చాక గానీ ఆగలేదు. మన సంఘంలో పాత సభ్యులు సగం మంది అప్పట్లో ఆ దెబ్బ తిన్న వాళ్లే.

సర్వసభ్య సమావేశంలో ఓటుకు వచ్చేవి మూడు. జామీను ఇద్దరిలో ఒకరైనా వేరే వీధి వారై ఉండాలి. పొదుపుల్లో ఐదో వంతు తప్పనిసరిగా బయట బ్యాంకులో ఉండాలి. వ్యాపారం మొదలుపెట్టి ఆరు నెలలు కానివారికి ఐదు వేలు మించి అప్పు లేదు. మూడోదానికి నేను ఓటేస్తానో లేదో ఇంకా తేల్చుకోలేదు, ఎందుకంటే మన ఇడ్లీ బండ్లన్నీ ఏదో ఒక రోజు కొత్తవే.

లెడ్జరు ఇప్పుడు కంప్యూటర్‌లో ఉంది, పుస్తకంలోనూ ఉంది, బాల్‌పెన్నుతో. సభకు వచ్చేటప్పుడు మీ పాస్‌బుక్ తెచ్చుకోండి, తడిసి పాడైనదైనా సరే. కొత్తది అక్కడే రాసిస్తాం.

కార్యదర్శి